ఒక్కటే ముడి

"అడవి పళ్ళకి కూడా పుట్టుపూర్వోత్తరాలా!" అని ఒకప్పుడు పగలబడి నవ్విన మొగుడు, ఇవాళ ఆమె గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి తుడుస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వంటింటి గడప తొక్కడమే గగనం. దీని వెనక ఏదో ఉందని ఆమెకి అనుమానం వచ్చింది.

"ఇంతకీ ఏ పొదలో మందు ఎక్కువుందోయ్?" అన్నాడు, తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తూ.

ఇద్దరిదీ ఒకే పరిశోధనశాల. అక్కడ ఆయన పెద్దసారు, ఆమె పెద్దసారు గారి భార్య. కొండమీది పొదలన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉన్నా వాటి జన్యువులు వేరనీ, ఒక్క పొద పళ్ళల్లోనే మందు పదార్థం మిగతావాటికన్నా ఎన్నో రెట్లు ఉందనీ కనిపెట్టింది మాత్రం ఆమె. ఇంతకుముందు ఆమె చాకిరీ అంతా ఆయన పేరుతోనే అచ్చయింది. అదేమని అడిగితే, "మొగుడూపెళ్ళాలకి రెండు పేర్లెందుకు? ఒకటి చాలదూ!" అని బుగ్గ గిల్లాడు. ఆ మంట ఇంకా ఆరలేదు.

"ఇంకా ఏమీ తేలలేదండీ," అంది.

ఏ పొద పళ్ళు ఆ పొదవిగా ఎండబెట్టి, గుడ్డ సంచుల్లో పోసి, రంగురంగుల దారాలతో రెండేసి ముడులు వేసి ఇంట్లో అలమరలో పెట్టడం ఆమె అలవాటు. మర్నాడు చూస్తే అన్నిటికీ ఒక్కటే ముడి, అదీ ఆయన బూటు లేసు కట్టుకునేటట్టు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

అంతకుముందు వారమే అత్తగారు అలమర సర్దుతూ సంచులన్నీ ఒకే పళ్ళెంలో గుమ్మరించి, కలిపి, మళ్ళీ సమానంగా నింపి పెట్టింది. "ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ ఉంటే ఏం బాగుంటుందమ్మాయ్? అన్నీ ఆ పళ్ళేగా!" అంది. కోడలు స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చింది. తర్వాత మళ్ళీ కొండెక్కి కొత్త పళ్ళు కోసుకొచ్చి స్నేహితురాలింట్లో ఎండబెట్టుకుంది. పాత సంచులకి మాత్రం, ఎందుకైనా మంచిదని, మళ్ళీ రెండేసి ముడులు వేసి ఉన్నచోటే ఉంచింది.

కొన్నాళ్ళకి భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ పొదల గొడవ ఇక వదిలెయ్. అన్నిట్లోనూ మందు ఒకేలా ఉంది. వ్యాసం రాశావంటే నలుగురిలో నవ్వులపాలవుతావు."

"ఒకేలా ఉందని మీకెలా తెలిసిందండీ?"

ఆయన కూర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. అత్తగారే అందుకుంది. "ఒకేలా ఉండక ఏమవుతాయిరా? అన్నీ కలిపి పోసింది నేనేగా!"

ఆయన చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"వ్యాసం పొద్దున్నే పంపేశానండీ," అంది ఆమె, ఆయన గ్లాసులో నీళ్ళు పోస్తూ. "ఒక్క పేరు చాలన్నారుగా, నాది వేశాను."