అద్దాలపెట్టెలో అడుగుల లెక్క

సమాజానికి సేవ చేయడమంటే సమాజాన్ని పిలిచి వెనక కుర్చీలు నింపడమేనని ఆ విశ్వవిద్యాలయం ఏనాడో తేల్చుకుంది. ఏటా జరిపే మూడు రోజుల సదస్సుకు ఈసారి 'నీరు, జనం, జ్ఞానం' అని పేరు పెట్టారు. జనం కోటాలో ప్లంబరును పిలిచారు. జ్ఞానం కోటాలో అతని నోటుపుస్తకాన్ని రెండు నెలల ముందే అడిగి పట్టుకెళ్లి, సభామందిరం వాకిట్లో అద్దాలపెట్టెలో పెట్టి తాళం వేశారు.

పేటలో నేలకింద ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ వాల్వు ఏ గడపనుంచి ఎన్ని అడుగుల దూరాన ఉందో ముప్ఫయ్యేళ్లుగా అతడు అందులో గీసుకున్నాడు. నీళ్లట్యాంకు దక్షిణాన ఉంది గనుక, పటాల్లో అందరూ ఉత్తరం పెట్టే పేజీ పైభాగాన, నీళ్లు వచ్చే దిక్కును గీశాడు. అడిగితే ఆ మాటే చెప్పేవాడు. విస్తరణ విభాగపు ఆచార్యుడు అడగలేదు; 'ఉత్తర దిశాధిపత్యంపై అట్టడుగు ధిక్కారం' అంటూ ఇరవై రెండు పేజీల పత్రం రాశాడు.

రెండో రోజు ఉదయం, ఎవరో ఎవరినో పొగుడుతుండగా, ప్లంబరు ఫోను మోగింది. అక్క. ఆమె ఇస్త్రీ దుకాణం రోడ్డుకన్నా మూడు మెట్లు దిగువన ఉంటుంది.

"ఒరేయ్, వీధిలో గొట్టం పగిలింది! కొట్లో పాదాలు మునిగాయి. జనం బట్టలన్నీ కింది అరల్లోనే ఉన్నాయిరా!"

"ఎవర్నయినా వాల్వు కట్టెయ్యమనక్కా."

"ఎక్కడుందని కట్టేది? మొన్నేగా వీధంతా కొత్త రాళ్లు పరిచిపోయారు. నీళ్ల ఆఫీసువాళ్లు సోమవారం వస్తార్ట. అప్పటికి నేనో పడవ కొనుక్కోవాలి. నీ పుస్తకంలో లేదూ?"

"ఉంది. పుస్తకం ఇక్కడ అద్దాలపెట్టెలో ఉంది."

"నువ్వూ అందులోనే కూర్చున్నావా? తీసుకురా!"

సదస్సు సమన్వయకర్త చిరునవ్వు చెదరకుండా విన్నది. "ప్రదర్శనలో ఉన్న వస్తువు తీయాలంటే కమిటీ తీర్మానం కావాలండీ."

"వస్తువేంటి మేడం, నా పుస్తకం. ఒక్క పేజీ చూస్తే చాలు."

"మీరు దాన్ని సమాజానికి ఇచ్చారు కదా."

"ఆ సమాజమే మునిగిపోతోంది మేడం, మా అక్క కొట్టుతో సహా."

"ఎంత బాగా అన్నారు! ఈ మాటే వేదిక మీద చెప్పండి. తర్వాతి వంతు మీదే."

తాళంచెవి వేదికపైనున్న ఆచార్యుడి జేబులో ఉందని తెలిసే అతడు మెట్లెక్కాడు. మైకు ముందు చెప్పింది ఇంతే: "నా పుస్తకం నాకిచ్చేయండి. నీళ్లొచ్చేస్తున్నాయి."

సభ చప్పట్లతో దద్దరిల్లింది. ముందు వరుసలో ఒకావిడ కళ్లొత్తుకుంది. "తన జ్ఞానాన్ని తిరిగి అడుగుతున్న ఈ గొంతు ముందు మనమంతా సిగ్గుపడాలి" అన్నాడు ఆచార్యుడు. నిజంగా సిగ్గుపడేవాడి ముఖంలో అంత సంతోషం ఉండదు.

"సార్, తాళంచెవి" అంటూ ప్లంబరు చెయ్యి చాచాడు. ఆచార్యుడు ఆ చేతిని ఆప్యాయంగా అందుకుని ఊపాడు. ఫొటో తీయడం అయ్యేదాకా వదల్లేదు.

ఫోను మళ్లీ మోగింది. "మోకాళ్లదాకా వచ్చాయిరా."

పెట్టె చేయించినవారు తాళం మీద చూపిన శ్రద్ధ మడతబందుల మీద చూపలేదు. ప్లంబరు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి నాలుగు మరలూ విప్పాడు. చుట్టూ మూగిన పండితులు ఫోన్లెత్తి వీడియో తీసుకున్నారు.

"ఇది కార్యక్రమంలో ఉందా?" అనడిగాడొకడు.

"ఉండే ఉంటుంది. లేకపోతే ఎవరైనా ఆపరూ?"

పుస్తకంతో అక్క కొట్టున్న వీధిలోకి పరుగెత్తుకొచ్చి అతడు పేజీ తెరిచాడు. అక్క గడప నుంచి ఎన్నో అడుగు దగ్గర తవ్వాలో అక్కడ రాసి ఉంది. 'ఒకటి' కనబడుతోంది. దాని పక్క అంకె మీద 'సమాజ జ్ఞాననిధి' అన్న ఊదారంగు ముద్ర గుండ్రంగా కూర్చుంది; అంకె కింది తోక మాత్రమే బయటికి ఉంది. పేజీలో సగం ఖాళీగా ఉండగా, ముద్ర వేసిన మహానుభావుడికి సరిగ్గా అదే చోటు దొరికింది.

"నాలుగా, తొమ్మిదా?" అంది అక్క.

"నాలుగే అనుకుంటా."

పద్నాలుగో అడుగు దగ్గర రాళ్లు పెకలిస్తే మోచేతి లోతున మట్టి తప్ప ఏమీ లేదు. పందొమ్మిదో అడుగు దగ్గర వాల్వు దొరికింది. దాన్ని బిగించేసరికి కింది అరలు మునిగి, పై అర అంచు తడిసింది.

ఫోను మోగింది. సమన్వయకర్త. "అందరూ మీ గురించే మాట్లాడుకుంటున్నారండీ! రేపు ముగింపు సభలో అది ఇంకోసారి చేస్తారా? పెట్టె మళ్లీ బిగించి ఉంచుతాం."

ప్లంబరు ఫోను కట్టేశాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని, పెన్ను తీసి, ముద్ర మీదే పందొమ్మిది అని పెద్దగా దిద్దాడు.

అక్క బురదగుడ్డల కుప్ప ముందు కూర్చుని ఏది ఎవరిదో పోల్చుకోవడం మొదలుపెట్టింది. అన్నీ ఒకే రంగుకు వచ్చి ఉన్నాయి.