పక్కది నాది

మందుల షాపు ఓనరు కౌంటర్లో పనిచేసే చిన్నదాన్ని కోప్పడలేదు. ఆమెకు అదే ఎక్కువ బాధనిపించింది. బిల్లులు మళ్లీ తప్పాయని, ఆమె మంచి పిల్లే గానీ కౌంటరు పని ఆమెకు నప్పదని మెల్లగా చెప్పి పంపేశాడు. అంతకుముందు గోడౌనులోనూ ఇదే జరిగింది. అంకెలు చూస్తే చిన్నప్పటి నుంచీ ఆమెకు బుర్ర మొద్దుబారిపోతుంది. సంగతి విని అమ్మ తల పట్టుకుంది. లెక్కల్లేని ఉద్యోగం ఎక్కడుంటుందే, పైకి పోయాక కూడా పాపపుణ్యాల లెక్క తప్పదు కదా అంది.

ఆ వారమే బాబాయికి తోడు వెళ్లాల్సొచ్చింది. లేత్ మిషను దగ్గర ఇనుప ముక్క ఎగిరి తగిలి ఆయనకు ఒక కన్ను పోయింది. గాయం మానింది కాబట్టి ఇక పెట్టుడు కన్ను చేయించుకోవాలి. అవి చేసే ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, సన్నటి బ్రష్షుతో చిన్న బిళ్ల మీద రంగు వేస్తూ, మధ్యమధ్యలో బాబాయి మంచి కన్ను వంక చూస్తోంది. చిన్నది ఉండబట్టలేక, కింది అంచున కాస్త తేనె రంగు ఉందండీ, పైన లేదు, అంది.

ఆవిడ బాబాయి గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసింది. నిజమే అంది. ఏం చేస్తుంటావని అడిగింది.

"ప్రస్తుతం ఏమీ లేదండీ. లెక్కలు నాకు పడవు."

"కొలతలు నేను చూసుకుంటాను. రంగుకి ఓపిక కావాలి. నీకుందా?"

ఉందో లేదో తనకే తెలియదు. అయినా తలూపింది.

పనిలో చేరిన మొదట్లో ఆమె వేసినవన్నీ బొమ్మ కళ్లలా ఉండేవి. చాన్నాళ్లకు గానీ ఆవిడ ఒక కన్ను పూర్తిగా ఆమెకు అప్పజెప్పలేదు. అది ఒక రిటైరైన టీచరు గారిది. చిన్నది ప్రాణం పెట్టి చేసింది. టీచరు గారు పెట్టుకుని అద్దంలో చాలాసేపు చూసుకున్నారు.

"అందంగా ఉందమ్మా. కానీ ఇది నీ వయసు కన్ను. పక్కది నాది."

చిన్నదానికి తలెత్తాలనిపించలేదు. రంగు చూసింది గానీ మనిషిని చూడలేదు. టీచరు గారిని మళ్లీ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కబుర్లు చెప్పించుకుంటూ మొదలుపెట్టింది. నల్లగుడ్డు చుట్టూ వయసు తెచ్చిన బూడిదరంగు అంచు దిద్దింది. తెల్లగుడ్డుకి కాస్త పసుపు కలిపింది. ఎర్ర పట్టుదారం పోగులు విడదీసి సన్నటి నరాల్లా అతికించింది. ఈసారి టీచరు గారు అద్దంలో ఒక్కసారే చూసుకున్నారు. వచ్చేటప్పుడు పెట్టుకున్న నల్లద్దాలు సంచిలో పడేసి మెట్లు దిగి వెళ్లిపోయారు.

కొలతలు మాత్రం ఆమెకు ఒంటబట్టలేదు. ఆవిడ నేర్పి నేర్పి విసిగి, పోనీలే, ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని అవుతుందిగా అంటూ స్కేలు తనే తీసుకుంది.

ఒక ఆదివారం చిన్నది రంగులు సాధన చేసుకోవాలని అమ్మని వెలుతురులో కూర్చోబెట్టింది. కదలొద్దంటే అమ్మ నిజంగానే కదల్లేదు. ఏంటే అలా చూస్తున్నావని కాసేపటికి అడిగింది.

"నీ కళ్లు రెండూ ఒకే రంగు కాదమ్మా. ఎడమది కొంచెం లేత."

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ చెప్పలేదంది అమ్మ. చెంప మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుని, మొహం ఇంకాస్త కిటికీ వైపు తిప్పింది.