భూలక్ష్మి మస్కట్ మిషను

రాజోల్లో కాలవగట్టు మీద ఉషారాణి మోటారు వైండింగు షాపు తెరిచేసరికి రోజూ ఎనిమిదిన్నర అవుతుంది. షట్టరెత్తి, గుమ్మంలో నీళ్ళు జల్లి, తండ్రి హరిబాబు ఫొటోకి అగరొత్తి వెలిగించి, అప్పుడు పాత వేక్యూమ్ క్లీనర్ల వంక చూస్తుంది. తిండి పెట్టేవి రొయ్యల చెరువుల మోటార్లూ, వరిచేల పంపులూను. వేక్యూమ్ క్లీనర్లు మాత్రం ఆమె పిచ్చి.

కొబ్బరీనెల చీపురుతో ఊడ్చుకునే ఊళ్ళో ఇవెక్కడివంటారా? గల్ఫులో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు తెచ్చుకున్నవి. అక్కడి మేడమ్ కొత్తది కొనుక్కుని పాతది తీసుకుపొమ్మంటే, దుప్పట్లో చుట్టి పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చేరు. తీరా ఇక్కడ తుడవడానికి తివాచీలేవీ? అన్నీ అటకెక్కేయి. అరవై ఏళ్ళ నాటి ఇనప పీపాలు, ఎత్తితే నడుం పట్టేసేవి. ఉషారాణి వాటిని అడిగి తెచ్చుకుంటుంది. తుప్పు గోకుతుంది, కొత్త రాగితీగ చుడుతుంది, బేరింగులు మారుస్తుంది, దుమ్ము పట్టే గుడ్డసంచి తనే కుడుతుంది. ఒక్కోదానికి రెండేసి నెలలు పడుతుంది.

తీరా బాగయ్యేక అవి ఉండవు, అదీ చిక్కు. స్విచ్చి వేసి ఓ నిమిషం తిరగనిస్తే చాలు, ప్లగ్గు ఊడబీక్కుని, వైరు ఈడ్చుకుంటూ చక్రాల మీద బయల్దేరిపోతాయి. వాటితో తుడిచిన మనిషి తుడుస్తున్నన్నాళ్ళూ ఎవర్ని తలుచుకుందో వాళ్ళ దగ్గరికి. రాజోల్లో ఇది అందరికీ తెలిసిందే. బస్టాండు దగ్గర ఆటోవాళ్ళు "మిషను పోతోంది, కాస్త జరగండి" అని దారిస్తారు. మొన్న సత్యదుర్గ గారి మిషను బాగయిన రోజున వాళ్ళాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వీధి గుమ్మంలో నిలబడ్డాడు. అది ఆయన చెప్పులు దాటుకుని వెనక వాటాలో ఉన్న అత్తగారి మంచం దగ్గరికి పోయింది. ప్రేమతో తలుచుకుందో కోపంతో తలుచుకుందో మిషను చెప్పదు కదా. ఆయన మాత్రం రెండ్రోజులు అన్నం మానేసేడు.

తలుచుకున్న మనిషి సముద్రం అవతల ఉంటే, ఆ మిషన్లు అంతర్వేది ఒడ్డుకి పోయి నీళ్ళ ముందు ఆగిపోతాయి. అక్కడ పకోడీలు వేసే ఆవిడ ఫోన్ చేస్తే ఉషారాణి ఆటో కట్టించుకుని వెళ్ళి తెచ్చుకుంటుంది. అలా వెనక్కి వచ్చినవే షాపు వెనక షెడ్డులో పదకొండు. ఆమె కూడబెట్టినదంతా అదే.

పన్నెండోది మాత్రం బాగుపడకుండా పై అరలో ఉంది. అది తల్లి భూలక్ష్మిది.

ఉషారాణి రెండో క్లాసులో ఉండగా భూలక్ష్మి మస్కట్ వెళ్ళింది. అక్కడే పదిహేడేళ్ళు ఉండిపోయింది. మధ్యలో రెండుసార్లు, నెల్లాళ్ళేసి, చుట్టంలా వచ్చి వెళ్ళింది. వెళ్ళిన రెండో ఏట, పనిచేసే ఇంట్లో మేడమ్‌కి నూరా పుట్టింది. నూరాకి స్నానం, నూరాకి అన్నం, నూరాకి జోలపాట, అన్నీ భూలక్ష్మే. తిరిగొచ్చి తొమ్మిదేళ్ళయినా ప్రతి శుక్రవారం వీడియో కాల్ వస్తుంది. ఆ అరబ్బు పిల్ల మాట్లాడేది ఏమిటనుకున్నారు? అచ్చం కోనసీమ తెలుగు. "లచ్చమ్మా, భోంచేసేరా అండి? ఆయ్, నేనూ చేసేనండి" అంటుంది. ఆ 'ఆయ్' వినపడితే చాలు, ఉషారాణికి అరికాలి మంట నెత్తికెక్కేది. అమ్మ నోట్లోంచి ఊడిపడ్డ మాట అది. తనకి రావలసినది.

అందుకే ఆ మిషన్ని ముట్టుకోలేదు. మోటారులో రాసుకునే చిన్న బొగ్గుముక్కలు, కార్బన్లంటారు, అవి దానికి సరిపడేవి దొరకడం లేదని తల్లికి చెప్పింది. మొదటి ఏడాదే దొరికేయి. బల్ల సొరుగులో చీరపిన్నుల డబ్బాలో దాచిపెట్టింది.

ఓ బుధవారం మధ్యాహ్నం కేరేజీ తెచ్చిన భూలక్ష్మి, కూతురు తింటుంటే పక్కన కూచుని మెల్లిగా అంది.

"నూరాకి ఏడో నెలటే."

"అయితే?"

"వీసా పంపుతానంటోంది. పురుడు పోసి, బిడ్డ నడిచేదాకా ఉండమంటోంది."

"వెళ్ళు. అప్పుడు నన్నడిగి వెళ్ళేవా ఏంటి, ఇప్పుడు అడగడానికి?"

"దానిమీద నీకింత కుళ్ళేంటే ఉషా?"

"కుళ్ళే. దాచుకుంటానా? నీ చేతి ముద్ద తిన్నది అది. నీ పక్కలో పడుకున్నది అది. నాకు మిగిలిందేంటి, పెట్టెలో వచ్చిన గౌన్లేగా."

"నీ కోసమే కదే వెళ్ళేను. ఆ ఇల్లు తుడిచినన్నాళ్ళూ నిన్నే తలుచుకున్నాను."

"అందరూ అదే అంటారమ్మా. వెనక షెడ్డులో పదకొండు ఉన్నాయి, వెళ్ళి చూడు."

భూలక్ష్మి కేరేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. "అయితే నాది దింపు," అంది చివరికి. "నేను చెప్తే నమ్మవు. దాన్నే చెప్పనీ. సముద్రానికి పోతే నేనూ పోతాను. పోకపోతే ఉండిపోతాను."

"నీకంత ధైర్యమేంటి?"

"ధైర్యం ఎక్కడిది? ఏ రోజు ఎవర్ని తలుచుకున్నానో నాకు మాత్రం గుర్తుందా? ఆ పిల్ల ఎదురుగా పాకుతుండేది. నాకూ భయంగానే ఉంది."

ఆ మాటకి ఉషారాణి చెయ్యి కడుక్కుని, పై అర కిందకి స్టూలు లాక్కుంది.

సాయంత్రానికల్లా మిషను బల్ల మీద విప్పి ఉంది. సంచిలోంచి సన్నటి మస్కట్ ఇసకా, దాంతోపాటు చంటిపిల్లల జుట్టుకి పెట్టే గులాబీరంగు క్లిప్పూ పడ్డాయి. క్లిప్పుని ఓ క్షణం చూసి, గట్టు మీదకెళ్ళి కాలవలోకి విసిరేసింది. పాపం అనిపించలేదు. మిగతావాటిలా దీనికి సామాను వెతుక్కునే పని లేదు. మర్నాడు పగలంతా తీగ చుట్టింది, వార్నిష్ పూసి ఎండలో ఆరబెట్టింది, సొరుగులో కార్బన్లు తీసి బిగించింది. అన్నీ అయ్యేక, షట్టరు దించబోయే ముందు, కుడి చక్రం ఇరుసు ఓ రెండు చుట్లు బిగించేసింది. అంతర్వేది వెళ్ళాలంటే రోడ్డెక్కి ఎడమకి తిరగాలి. కుడి చక్రం పట్టేస్తే బండి కుడికే తిరిగి గిర్రున షాపులోకి వస్తుంది. మోటార్ల మనిషికి ఆమాత్రం తెలియదా!

శుక్రవారం పొద్దున్న భూలక్ష్మి తలంటుకుని వచ్చింది. మిషను పక్కన చతికిలబడి, పాత అలవాటు కొద్దీ రెండు చక్రాలూ వేలితో తిప్పింది.

"కుడిది బిగిసిందే."

"తుప్పు."

"నిన్నేగా అన్నీ బాగుచేసేవు."

ఉషారాణి వంగి వైరు చిక్కులు తీయసాగింది. "స్క్రూడ్రైవరు ఇలా ఇయ్యి," అంది భూలక్ష్మి. తనే చక్రం వదులు చేసింది. కూతుర్ని ఒక్క మాట అనలేదు. దులిపేసినా బాగుండును అనిపించింది ఉషారాణికి.

స్విచ్చి వేసేరు. మిషను రెండుసార్లు దగ్గి, ఇంత ఇసక కక్కి, సన్నగా కూనిరాగం అందుకుంది. ప్లగ్గు ఊడింది. నేరుగా ఉషారాణి వైపు వచ్చింది. ఆమె పిడి అందుకోబోయింది. అది ఆమె పాదాల పక్కనించి, పరాయి మనిషిని తప్పుకున్నట్టు తప్పుకుని, గుమ్మం దిగి, రోడ్డెక్కి, ఎడమకి తిరిగింది.

"చూసేవుగా," అంది ఉషారాణి. "వెళ్ళి పెట్టె సర్దుకో. నీ నూరా నీకోసం చూస్తూ ఉంటుంది."

భూలక్ష్మి చెప్పులైనా వేసుకోకుండా మిషను వెనకాల నడిచింది. ఆమె వెనకాల ఉషారాణి, ఏడుపు దిగమింగుకుంటూ. చేపల బుట్టలవాళ్ళు దారిచ్చేరు. అది సెంటరు దాటింది, రైసుమిల్లు దాటింది, ఎలిమెంటరీ స్కూలు గేటు దగ్గర ఆగింది. ఆగి, లోపలికి తిరిగింది.

రెండో క్లాసులో మేస్టారు ఎక్కాలు చెప్పిస్తున్నారు. మిషన్ని చూసి పిల్లలు కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

"ఎవరికోసమో వచ్చినట్టుందర్రా, కదలకండి," అన్నారాయన. "గల్ఫులో అమ్మలున్నవాళ్ళెవరు?"

ఇద్దరు చేతులెత్తేరు. మిషను వాళ్ళ వంక వెళ్ళలేదు. కిటికీ పక్క మూడో వరసలో, ఎవరూ కూచోని బెంచీ చివరకి వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

అది ఉషారాణి కూచున్న చోటు. అమ్మ విమానం ఎక్కిన రోజున కూడా అక్కడే కూచుంది.

ఉషారాణి గబగబా వెళ్ళి దాని పిడి పట్టుకుంది. అది వెనక్కి జరిగింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జరిగి, చుట్టు తిరిగి, అదే ఖాళీ చోటు పక్కకి చేరింది.

"నన్నెరగదేంటమ్మా ఇది?"

"నేనే ఎరగనే," అంది భూలక్ష్మి తలుపు పట్టుకుని. "నాకు తెలిసిన ఉష ఏడేళ్ళ పిల్ల. దాన్నే తలుచుకున్నాను పదిహేడేళ్ళూ. దాని తరవాతి పిల్ల ఎవరో, ఎలా పెరిగిందో, ఇంట్లో ఉన్న నువ్వెవరో నాకు తెలీదు. తొమ్మిదేళ్ళయి అడుగుదామంటే నువ్వు మొహం ఇవ్వవు."

నూరా మీద ఇన్నాళ్ళూ పెంచుకున్న ఈర్ష్య అంతా ఉషారాణికి ఒక్కసారి ఆ ఖాళీ బెంచీ మీదకి మళ్ళింది. అమ్మ అంతా ఆ ఏడేళ్ళ పిల్లకే పోయింది.

అంతలో భూలక్ష్మి ఫోన్ మోగింది. శుక్రవారం కదా, నూరాయే; మిషను సంగతి భూలక్ష్మి ముందే చెప్పి ఉంచింది. "లచ్చమ్మా, మిషను ఎటు వెళ్ళిందండి?"

"నీ దగ్గరికి కాదు తల్లీ."

"నాకు తెలుసండి," అంది నూరా. "చిన్నప్పుడు గుర్రం ఆటకని దానిమీద ఎక్కితే కదిలేది కాదండి. ఉషా అంటేనే కదిలేది. అప్పట్నించీ ఆ ఉష అంటే నాకు ఒళ్ళు మంటండి."

"వీసా వద్దమ్మా. నాకిక్కడ ఏడేళ్ళ పిల్లుంది. పెంచుకోవాలి."

"ఆయ్," అంది నూరా, ముక్కు ఎగబీలుస్తూ. ఉషారాణికి ఆ పిల్ల మీద మొదటిసారి జాలేసింది.

తల్లీకూతుళ్ళు స్కూలు అరుగు మీద కూచున్నారు. ఆవేళ మళ్ళీ షాపు మొహం చూడలేదు.

"చెప్పు," అంది భూలక్ష్మి. "మూడో క్లాసునించి చెప్పు."

"మూడో క్లాసులో కాలవలో పడ్డాను. సూరమ్మత్త దూకి తీసింది."

"ఏ సూరమ్మ?"

"నువ్వెళ్ళేక పక్కింట్లో కొన్నాళ్ళు అద్దెకున్నావిడ. వారం రోజులు జ్వరం. ఆవిడే ఒళ్ళో పడుకోబెట్టుకుని జావ పట్టింది. ఆవిడ పక్కలోనే పడుకునేదాన్ని."

భూలక్ష్మి పెదాలు బిగుసుకున్నాయి. "ఎవరే అది, నా పిల్లని పక్కలో వేసుకోడానికి?" అంది.

ఉషారాణి ఆ మొహాన్ని ఇట్టే గుర్తుపట్టింది. తొమ్మిదేళ్ళుగా అద్దంలో రోజూ చూస్తున్న మొహమే. కడుపు నిండినట్టయింది ఆమెకి. వదిలిపెట్టబుద్ధి కాలేదు.

"జడలు కూడా ఆవిడే వేసేది," అంది.

లోపల, బెంచీ దగ్గర, చక్రాలు అరుగు వైపు కదిలిన చప్పుడయింది.

"రెండు జడలా?" అడిగింది భూలక్ష్మి, మండిపోతూ.

"రెండు జడలే. రిబ్బన్లు పెట్టి," అంది ఉషారాణి, నాలుగో క్లాసులోకి వస్తూ.