పసుపంటిన దొప్ప

విడిదింట్లో తెల్లవారగానే మంచం పక్కకి చెయ్యి చాపాను. దొప్ప లేదు.

దొప్ప అనేది నా కాలికి కట్టుకునే కొత్త ఊతకి మా ఇంట్లోవాళ్ళం పెట్టుకున్న పేరు. నా ఎడమకాలికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. అప్పటినుంచి రెండు ఇనపకడ్డీలు, తోలు పట్టీలు, అడుగున వాటికే బిగించిన బూటు. ఆ బూటు తియ్యాలంటే మొత్తం తియ్యాలి, మొత్తం తీస్తే నిలబడలేను. అందుకని బూటుతో వంటింట్లోకి అడుగు పెట్టేదాన్ని కాదు. పట్టిసీమ వెళ్ళినా అందరూ స్వామి దర్శనానికి పైకెక్కితే నేను పడవలోనే కూర్చునేదాన్ని. పెద్దన్నయ్య పెళ్ళిలో మండపం కింద కుర్చీలోంచి అక్షింతలు వేశాను. ఆడపడుచు వెయ్యాల్సిన మూడోముడి మా పెదనాన్న కూతురు దేవిశ్రీ వేసింది.

గోదావరి పుష్కరాలయిన మరుసటేడు రాజమండ్రిలో కాళ్ళు సరిగా లేనివాళ్ళకి క్యాంపు పెట్టారు. ప్లాస్టిక్కుల మీద పరిశోధన చేసే సత్యప్రసాద్‌గారు విశాఖపట్నం నుంచి వచ్చారు. ఆయన దగ్గర తెల్లటి పలకలున్నాయి. ఒకదాన్ని వేడినీళ్ళలో ముంచితే అది లేత ముంజెలా తేటపడి మెత్తబడింది. నన్ను బోర్లా పడుకోబెట్టి, తొడ వెనకనుంచి అరికాలి దాకా పరిచి అదిమి పట్టుకున్నారు. చల్లారేకొద్దీ మళ్ళీ తెల్లబడి గట్టిపడింది. అచ్చం అరటి దొప్పలో కాలు పెట్టుకున్నట్టుంది. బూటు లేదు. బరువు లేదు.

"ఇదివరకు ఇలాంటివి చేతులకీ వేళ్ళకీ వాడేవాళ్ళమండి. మనిషి బరువు ఆపేవి కావు. ఇందులో సన్నటి గాజునార కలిపాం. ఇంకా పరీక్షలోనే ఉంది. మీరు వాడి ఎలా ఉందో చెప్పాలి," అన్నారాయన. "వేడి మాత్రం తగలనివ్వకండి. దీనికి తన పాత రూపం గుర్తుంటుంది. మళ్ళీ పలకైపోతుంది."

ఆ దొప్పతోనే చిన్నన్నయ్య గణేష్‌బాబు పెళ్ళికి ధవళేశ్వరం నుంచి కొవ్వూరు వచ్చాను. ముహూర్తం పదిన్నరకి. ఈసారి మూడోముడి నాదే.

గోడ పట్టుకుని ఒంటికాలితో పెరట్లోకి వెళ్ళాను. పెళ్ళికొడుకు స్నానానికి పెట్టిన కాగు సలసలమంటోంది. పక్కన సంపూర్ణమ్మ దొడ్డమ్మ, దేవిశ్రీ వాళ్ళమ్మ, బిందె పట్టుకుని నిలబడి ఉంది. అరటాకులు కడిగే పొడవాటి రేకుతొట్టిలో పసుపునీళ్ళు. వాటి అడుగున, పట్టీలతో సహా సాపుగా పరుచుకుని నా దొప్ప.

"ఏమే వేణీ, ఇదేంటే ఇలా అప్పడంలా అయిపోయింది?" అంది దొడ్డమ్మ.

అమ్మ వచ్చింది. చూసింది.

"వేడినీళ్ళు పోశావా అక్కా?"

"ఆస్పత్రిలో చేసిన వస్తువు కదే. ఎంతమంది కాళ్ళు పట్టుకున్న చేతులో! పీటల దగ్గరకి ఇదేంటని ఆడపెళ్ళివారు వంక పెడతారేమోనని, పసుపేసి శుద్ధి చేద్దామని..."

"ఈసారి కూడా నీ కూతురే ముడి వెయ్యాలని కాదుగా?"

దొడ్డమ్మ బిందె కింద పెట్టేసింది. వంటాయన అప్పారావుగారు బూరెలు తియ్యడం మానేసి చూస్తున్నారు. అమ్మ అన్న మాట తప్పని చెప్పాలనుంది నాకు. కానీ నా కళ్ళు తొట్టి మీదనుంచి రావడం లేదు. టైమెంతయిందో, కుర్చీ ఎక్కడ వేస్తారో, అదే ఆలోచన.

మొహాన నలుగుపిండితోనే అన్నయ్య వచ్చి, సెల్‌ఫోన్లో సత్యప్రసాద్‌గారికి చేసి, జరిగింది చెప్పి నాకిచ్చాడు.

"వేడినీళ్ళు మీరు పొయ్యలేదు కదండీ?" అన్నారాయన.

"లేదండి. మళ్ళీ చెయ్యడం కుదురుతుందా?"

"మెత్తబడితే వంగుతుందండి. కానీ రెండోసారి వంచినదానికి అంత బలం ఉంటుందో లేదో మేమింకా చూడలేదు. నేను బయల్దేరినా ముహూర్తానికి అందను. చేస్తే నిలబడి చూడండి, ఎక్కువసేపు వద్దు. పాదాన్ని పైకి మడిచి పట్టుకోవాలి. చల్లారేదాకా పట్టుకున్నవాళ్ళ చెయ్యి కదలకూడదు."

ఫోన్ ఇచ్చేసి చాప అడిగాను. అమ్మ చేతులు అప్పటికే వణుకుతున్నాయి.

"దొడ్డమ్మా, నువ్వు పట్టుకో," అన్నాను.

"నేనా? చేసింది చాలదా?"

"నీ చెయ్యి కదలదు."

దొడ్డమ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ చాప తెచ్చి పరిచింది. బోర్లా పడుకున్నాను. కాలికి తడి తువ్వాలు చుట్టారు. అప్పారావుగారు తొట్టిలో మళ్ళీ మరుగునీళ్ళు పోసి, మెత్తబడ్డ పలకని రెండు గరిటెలతో ఎత్తి, "ఆయ్, జంతికల పిండిలా జారిపోతోందండి," అంటూ తెచ్చారు. అది కాలిమీద పడగానే చురుక్కుమంది. దొడ్డమ్మ మడమ దగ్గర రెండు చేతులూ వేసి పాదాన్ని మడిచి పట్టుకుంది.

"కాలుతోందా దొడ్డమ్మా?"

"ఇన్నేళ్ళు పొయ్యి దగ్గర బతికినదాన్ని. నాకు కాలడమేంటే! నువ్వు కదలకు."

ఇవతల పంతులుగారి మనిషి రెండుసార్లు వచ్చి తొందరపెట్టాడు. దేవిశ్రీ పూలజడతో గుమ్మంలో నిలబడి, "అక్కా, కుదరకపోతే నేనున్నాలే," అంది.

"నువ్వు లోపలికి పో ముందు!" అని దొడ్డమ్మ కసిరింది, చేతులు మాత్రం కదపలేదు.

ఎంతసేపయిందో తెలియదు. చేతిమీద చీమ పాకుతున్నా విదల్చకుండా చూస్తూ ఉండిపోయాను. చివరికి దొడ్డమ్మ చేతులు తీసింది. అరచేతులు ఎర్రగా కంది ఉన్నాయి. దొప్ప గట్టిపడింది. అంతా పసుపుపచ్చన. మడమకి అటూ ఇటూ ఆమె వేళ్ళు దిగిన గుంటలు. పాదం దగ్గర కాస్త లోపలికి తిరిగింది కూడా. లేచి బరువు మోపితే ఎక్కడో కిర్రుమంది. మళ్ళీ మోపాను. ఆగింది.

మండపం దాకా అమ్మా దొడ్డమ్మా చెరోవైపు పట్టుకుని తీసుకెళ్ళారు. వట్టికాళ్ళతో ఎక్కాను. పెళ్ళికూతురు శ్రీదుర్గ వెనక నిలబడ్డాను. వీడియో తీసే మనిషి పెద్ద లైటు మాకు మరీ దగ్గరగా పెట్టాడు. పిక్కకి వెచ్చగా తగిలింది. ఆ వేడి దొప్పలోకి దిగుతోందా, నా భయమేనా, తెలియలేదు. మోకాలి దగ్గర దొప్ప కొంచెం వదులైనట్టు అనిపించింది. అన్నయ్య మొదటిముడి వేస్తున్నాడు.

నేను తల తిప్పి దొడ్డమ్మ కోసం చూశాను. ఆమె నా మొహం చూసింది, లైటు చూసింది. మోచేత్తో ఇద్దరిని తోసుకుని మండపం ఎక్కి, లైటుకీ నాకూ మధ్య నిలబడింది.

"అమ్మా, పక్కకి జరగండి! అడ్డమొస్తున్నారు!"

"నువ్వే జరుగు నాయనా. ఆ పొయ్యి అటు తిప్పుకో."

"ముడి పడదండీ బొమ్మలో!"

"మెడలో పడితే చాల్లే."

అన్నయ్య రెండోముడి వేసి దారం కొసలు నా చేతికిచ్చాడు. వేళ్ళు చెమటకి జారిపోతున్నాయి. శ్రీదుర్గ తల వంచుకునే, "నిదానంగా వెయ్యండి, నేను కదలన్లెండి," అని గొణిగింది. వేశాను. లాగి చూశాను. ఇంకోసారి లాగాను. అప్పుడు దొడ్డమ్మ వెనక్కి తిరక్కుండానే, "అయిందా?" అంది.

"అయింది."

తలంబ్రాలకి ముందే దిగిపోయి కూర్చున్నాను. పట్టీలు విప్పి చూస్తే దొప్పకి మడమ దగ్గర సన్నటి బీట.

పెళ్ళి క్యాసెట్ వచ్చినరోజు దొడ్డమ్మతో సహా ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరాం. రెండోముడి దాకా అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తరవాత టీవీ నిండా చిలకాకుపచ్చ పట్టుచీరలో దొడ్డమ్మ వీపు.

"అసలు మూడోముడి ఏదీ?" అన్నాడు అన్నయ్య.

శ్రీదుర్గ వదిన మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకుంది. "ఉంది లెండి," అంది.

అమ్మ లేచి దొడ్డమ్మకి కాఫీ కలపడానికి వెళ్ళింది.