తల్లిగారి చీర

రామచంద్రం పాత బట్టల చరిత్ర రాసేవాడు, మ్యూజియంలో వాటి ప్రదర్శనలు పెట్టేవాడు. ఎవరి తాతముత్తాతలు ఏం కట్టారో చెప్పమంటే గంటలు గంటలు చెబుతాడు. ఇచ్చిన మాట మాత్రం నాలుగేళ్లకే మరిచిపోయాడు. మరిచిపోయాడనడం కూడా అబద్ధమే, మరుపు నటించాడు.

ఆ మాట మంథనిలో ఐలవ్వకు ఇచ్చింది. అక్కడ ఆడమనిషి కన్నుమూస్తే ఆఖరున కప్పే చీర తల్లిగారింటివాళ్లే, అంటే పుట్టింటివాళ్లే, తేవాలి. ఐలవ్వకు తల్లిగారింటి తరఫున మిగిలింది తమ్ముడు సాంబయ్య ఒక్కడే. మగ్గం నేసే మనిషి. అక్క కోసం ఎర్ర చీర ముందే నేసిపెట్టి, అక్కకంటే ముందే పోయాడు. అలాంటి అంచు ఇంకెక్కడా దొరకదని రామచంద్రం ఆ చీరను ప్రదర్శనకు అడిగాడు. ఆమె వెనకాముందాడింది.

"నీ తమ్ముడనుకో అక్కా. ఆనాటికి చీర నేనే తెస్త" అన్నాడు.

ఆ మాటకే ఆమె పెట్టె తెరిచింది.

ఆ చీర గురించి రాసి రామచంద్రం పేరు తెచ్చుకున్నాడు, పై ఉద్యోగమూ తెచ్చుకున్నాడు. చీర ఏమైందని ఆమె రాయించిన రెండు కార్డులూ సొరుగులో పడేశాడు. మూడోది రాలేదు. ముసలిది పోయిందేమో అనుకున్నాడు. అనుకోగానే గుండె తేలికపడింది. ఛీ, ఆ తేలికే తర్వాత అతన్ని కాల్చుకుతిన్నది.

పంతొమ్మిది వందల అరవై ఐదులో కరీంనగర్‌లో ప్రదర్శన పెట్టినప్పుడు చీర కింద చీటీ తనే రాశాడు. రెండో రోజు మధ్యాహ్నం ఐలవ్వ కర్ర పట్టుకుని లోపలికొచ్చింది. మంథని చీర పెట్టారని బస్సులో ఎవరో చెప్పారట.

ఎదురుగా రామచంద్రమే ఉన్నాడు. ఆమె ఒక్క మాటా దెప్పలేదు, పిల్లలెట్లున్నరని అడిగింది. అద్దానికి ముఖం ఆనించి చీరను కళ్లారా చూసుకుని, కింద ఏం రాశారో చదవమంది.

మంథని ఎర్ర చీర, నేసింది సాంబయ్య, ఇచ్చింది ఐలవ్వ అని చదివాడు. ఒక్క ముక్క మింగేశాడు. ఆమెకు అక్షరం రాదు, అంతటితో గండం గడిచేదే. కానీ తమ్ముడి పేరు పక్కన తన పేరు విని ఆమె మురిసిపోయింది. ఆ మురిపెం అతను తట్టుకోలేకపోయాడు.

"నీ పేరు ముందట కీర్తిశేషులని రాసిన అక్కా. నువ్వు పోయినవనుకున్న. ఇగ అడిగేటోళ్లు ఉండరనుకున్న."

అతను అద్దాల పెట్టె తాళం తీసి, చీర మడతపెట్టి ఆమె ముందు పట్టాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. ఆమె అంచును ఒకసారి తడిమి చేయి వెనక్కి తీసుకుంది.

"తల్లిగారి చీర ఎవలన్న తామే మోసుకపోతరా తమ్మీ? నువ్వు తెస్తనన్నవు. కబురొచ్చిన్నాడు తే."

ఆమె మెల్లగా బస్టాండు దారి పట్టింది. తమ్మీ అని పిలిపించుకున్నందుకు రామచంద్రం సిగ్గుతో చచ్చిపోయాడు.