లాడాలు కొట్టిన చెప్పులు

చెప్పులు గుమ్మం బయట విడిచి, సిరా బుడ్డి పట్టుకుని, మెత్తనయ్య నేలమాళిగ గదిలోకి పిల్లిలా అడుగుపెట్టాడు. అతని అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. భూకంపాలను పట్టే యంత్రం ఉన్న గది అది. గట్టిగా అడుగేస్తే సూది ఉలిక్కిపడి, రాని కంపాన్ని కాగితం మీద గీసేస్తుంది. అందుకే ఎంతటివారికైనా చెప్పులూ బయటే, మాటలూ బయటే. ఏళ్ల తరబడి అలా నడిచీ నడిచీ అతనికి ఇంట్లోనూ అదే నడక అబ్బింది. వెనక నిలబడి మంచినీళ్లడిగితే భార్య గుండె జారి, చేతిలో గిన్నె జారేది. వేగలేక ఆవిడ అతని చెప్పులకు గుర్రానికి కొట్టించినట్టు ఇనప లాడాలు కొట్టించింది.

"మనిషొస్తున్నాడో దెయ్యమొస్తోందో నాకు తెలియొద్దూ" అంది.

పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. భార్యకు చెప్పలేదు. చెబితే గడప దాటనిచ్చేది కాదు, ఈ రోజు మానడానికి లేదు.

కిందటి వారం కొండల్లోని ఓ ఊళ్లో భూకంపం వచ్చింది. భూమి లోతున బండలు ఒకదాన్నొకటి ఏళ్లూ పూళ్లూ నెట్టుకుని, ఇక ఓపలేక ఒక్కసారి జారతాయి. జారినవి ఓ పట్టాన కుదురుకోవు, సర్దుకుంటూ మళ్లీ మళ్లీ వణుకుతాయి. బీటలువారిన గోడలకు ఆ చిన్న వణుకే చాలు. అందుకని జనాన్ని గుడారాల్లో ఉంచారు. వాటిల్లో ఒకదాంట్లో మెత్తనయ్య అక్క ఉంది, మంచం పట్టిన బావ ఉన్నాడు.

"చలికి మీ బావకి ఊపిరాడట్లేదు తమ్ముడూ. ఆ రాళ్లెప్పుడు ఊరుకుంటాయో మీ యంత్రాన్నడుగు" అంది ఫోన్లో.

భూమి తరఫున పూచీ ఎవరూ పడలేరని, అయినా సాయంత్రం దాకా గీత కదలకపోతే గట్టి ఇళ్లవాళ్లనైనా లోపలికి పంపమంటానని ఆఫీసరమ్మ చెప్పింది. అక్కది గట్టి ఇల్లే.

సూదికి సిరా పట్టించాడు. తిరుగుతున్న కాగితం మీద గీత తిన్నగా సాగుతోంది. మనసు తేలికపడింది. అంతలో ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. ఒళ్లంతా చెమట, కాళ్లు తేలిపోయాయి. చేతికందే ఆసరా ఒక్కటే, యంత్రాన్ని మోసే రాతి దిమ్మె. చెయ్యి దాని దాకా వెళ్లి ఆగిపోయింది. పట్టుకున్నా కంపమే, ఇక్కడ కూలబడినా కంపమే. బావకు ఇంకో రాత్రి చలిలోనే. ప్రాణం మీద తీపి ఎవరికి ఉండదు? అతనికి చాలా భయమేసింది. అయినా గోడకు వీపు ఆనించి, మడమ మోపకుండా, ఒక్కో అడుగే జరిగి గది దాటాడు. తలుపు ఎప్పటిలాగే నెమ్మదిగా మూశాడు. చెప్పులు తొడుక్కునే ఓపిక లేదు. మెట్లు పాకుతూ ఎక్కి వరండాలో స్తంభానికి చేరగిలబడ్డాడు.

కునుకు తీస్తున్నాడనుకుని ఆఫీసరమ్మ మెల్లిగా పిలిచింది. మళ్లీ పిలిచింది. భుజం తట్టాక అర్థమైంది.

సాయంత్రం కాగితం విప్పి చూస్తే గీత ఎక్కడా వంకర పోలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే కొండల ఊరికి కబురు చేసింది. చీకటి పడకముందే అక్క బావను ఇంట్లో పడుకోబెట్టింది. తమ్ముడి సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది. అతని వట్టి పాదాలను ఒళ్లోకి తీసుకుంది.

"పోయేటప్పుడైనా కాస్త చప్పుడు చెయ్యకూడదా మీరు" అంది.

కింద నేలమాళిగ గుమ్మం పక్కన, మడమల లాడాలు అరిగి మెరుస్తూ, చెప్పుల జత విడిచినట్టే ఉంది.