బోర్లించిన కప్పు

ద్రాక్షపండును నిలువుగా కోయాలి. అడ్డంగా కోస్తే ఆ గుండ్రటి ముక్క చిన్న గొంతులో మూతలా బిగుసుకుంటుంది. ఆపిల్ ముక్క అవతలి వెలుతురు కనబడేంత పల్చగా ఉండాలి. క్యారెట్ మెత్తగా ఉడకాలి. పాలు పడని బాబుకు పసుపు కప్పు, దాన్ని వేరే స్పాంజితో కడగాలి. నర్సరీలో చేరిన కొత్తలోనే మేడమ్ ఇవన్నీ నేర్పింది. ఆవిడ నేర్పకపోయినా నేను అలాగే కోసేదాన్నేమో. పెళ్లికి ముందు నాకు దేనికీ భయం ఉండేది కాదు. భయం నాకు పాపతో పాటే పుట్టింది.

“నీ చేతిలో పడ్డ ద్రాక్షపండుకు ఆపరేషన్ అయినట్టే. కుట్లు కూడా వేసి పంపవే, పోయేదేముంది” అనేది పెద్దాయమ్మ. వంటగదిలో నాకంటే ముందు నుంచీ ఉన్న మనిషి. పిల్లలు నన్ను ఆయమ్మ అంటారు కాబట్టి ఆవిడ పెద్దాయమ్మ అయింది.

పొద్దుటి ఆటలు కాగానే చిరుతిండి. పిల్లలందరికీ చేతులు కడిగించి పొట్టి బల్ల చుట్టూ కూర్చోబెడతాం. పళ్లేలు వచ్చేలోపు ఒక్కొక్కరి ముందు ఒక్కో కప్పు బోర్లించి పెడతాం. అది మేడమ్ పెట్టిన పద్ధతి. ఆ వయసు పిల్లల్లో సగం మందికి మాటలు సరిగా రావు. వచ్చినవాళ్లు ఒకేసారి అరుస్తారు. అందుకని అరుపులు లేవు. దాహం వేసినవాళ్లు కప్పును తిప్పి నిలబెట్టాలి. నిలబెట్టిన కప్పు కనబడితే జగ్గుతో వెళ్లి నీళ్లో పాలో పోస్తాం. చాలనుకుంటే మళ్లీ బోర్లిస్తారు. రెండేళ్ల పిల్లలు కూడా నాలుగు రోజుల్లో పట్టేస్తారు. ఎప్పుడూ “ఎందుకు, ఎందుకు” అంటూ తిరిగే ఒక పాప ఉండేది, ఎందుకమ్మ అని పిలిచేవాళ్లం. ఆ పిల్లయితే కప్పు తిప్పి దాన్ని బల్లకేసి కొట్టేది కూడా.

తిప్పనిది ఒక్క నా కూతురే.

గుక్కగుక్కగా కాకుండా ముక్కుతో పొడిచినట్టు తాగుతుందని దాన్ని పిచ్చుక అని పిలుచుకునేదాన్ని. పనిచేసేవాళ్ల పిల్లల్ని కూడా మేడమ్ చేర్చుకుంటుంది కాబట్టి అది నాతోనే వచ్చేది. ఇంట్లో వాగుడుకాయ. చీమ ఎటు పోతోందో, పక్కింటి పిల్లి ఎందుకు అలిగిందో అన్నీ చెప్పేది. కానీ ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం దానికి తెలియదు. ఎలా తెలుస్తుంది? కింది పెదవి లోపలికి పీల్చుకుందంటే దాహం. చెవి రుద్దుకుందంటే నిద్ర. అది అడిగేలోపే నా చెయ్యి వెళ్లిపోయేది.

బల్ల దగ్గరా అంతే. జగ్గు పట్టుకుని వెళ్తూ వెళ్తూ దాని కప్పును వేలితో అటు తిప్పేసి నీళ్లు పోసేదాన్ని. ఒకసారి మేడమ్ చూసింది.

“ఆ కప్పు ఎవరు తిప్పారు ఆయమ్మా?”

“పాపే మేడమ్.”

“పాప చేతులు ఇంకా ఒళ్లోనే ఉన్నాయమ్మా” అంది. కోప్పడలేదు. ముందుకు వెళ్లిపోయింది.

*

ఒక ఆదివారం అన్నయ్య నా గదికి వచ్చాడు. పిచ్చుక మంచం కింద చెప్పులు వరసగా పేర్చి బడి ఆట ఆడుతోంది. అన్నయ్య స్టూలు లాక్కుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఇచ్చిన టీ తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

“చెల్లాయ్, అందరం ఒక మాట అనుకున్నాం.”

“అందరం అంటే?”

“బావా, వాళ్లమ్మా, నేనూ.”

“ఆ అందరిలో నేను లేనా?”

“నువ్వు ఏడుస్తావని పిలవలేదు” అన్నాడు.

పాప నాన్నా నేనూ విడిపోయి అప్పటికి ఏడాది దాటింది. కొట్టలేదు, తిట్టలేదు. నాతో మాట్లాడటానికి ఆయనకు ఏమీ దొరకలేదు, అంతే. పాప నా దగ్గరే ఉంటుందని నేను అనుకున్నాను. ఎవరూ కాదనలేదు కదా అని ధైర్యంగా ఉన్నాను.

“వాళ్లకు సొంత ఇల్లుంది. నాయనమ్మ పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటుంది. మేనత్త బడిలో టీచరు” అని చెప్పుకుంటూ పోయాడు అన్నయ్య. “నీ దగ్గర ఏముంది చెప్పు? ఒక గది. తొమ్మిదితో ఆపేసిన చదువు. రేపు అది లెక్కలు అడిగితే ఏం చెప్తావ్?”

“అది నీళ్లే అడగదు అన్నయ్యా, లెక్కలు అడుగుతుందా?”

నేను హాస్యమాడాననుకుని అన్నయ్య నవ్వాడు. టీ అప్పుడు తాగాడు.

నేను కాదంటే ఏమవుతుందని అడిగాను. కాదంటే కోర్టంటారు, అక్కడా అడిగేది ఇదే, ఇల్లేది, చదువేది అన్నాడు. దాని మంచికే అన్నాడు. వెళ్తూ వెళ్తూ పిచ్చుక తల నిమిరి, “నెలాఖరుకి నాన్న కారులో వస్తాడు, జుయ్యిమని వెళ్లిపోదువు గాని” అని చెప్పాడు. అది మంచం కింద నుంచి “అమ్మ కూడానా?” అంది. అన్నయ్యకు వినబడలేదు.

ఆ తర్వాత పిల్ల లేకుండా ఎలా బతుకుతానని నేను అనుకోలేదు. అంత దూరం నా ఆలోచన వెళ్లలేదు. ఆ ఇంట్లో దీని పెదవి వైపు ఎవరు చూస్తారు? ఇదొక్కటే బుర్రలో తిరిగేది. అత్తయ్య మంచిదే, కానీ చూపు తక్కువ. ఆయన అక్క, మా వదిన, పొద్దున బడికి వెళ్తే సాయంత్రానికి వస్తుంది. దాహమేస్తే ఇది పెదవి పీల్చుకుంటూ కూర్చుంటుంది. ఎవరికీ తెలియదు.

వెళ్లేలోపు దానికి అడగడం నేర్పాలి. అదొక్కటీ చేస్తే చాలనుకున్నాను.

*

ఇంట్లో మొదలుపెట్టాను. గ్లాసు దూరంగా పెట్టి, “నీళ్లు కావాలి అను తల్లీ” అన్నాను.

“నువ్వు ఇస్తావుగా” అంది.

“నేను లేకపోతే?”

“నువ్వు బజారు నుంచి వచ్చాక ఇస్తావుగా.”

ఇంకేం నేర్పను? గ్లాసు అందించేశాను.

పెద్దాయమ్మతో చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ అరటిపళ్లు ఒలుస్తూ వింది. “మాటతో అడగడం తర్వాత సంగతి. ముందు చేత్తో అడగనీ. కప్పు తిప్పడం నేర్పు” అంది. “నువ్వు మాత్రం ఆ బల్ల దగ్గరికి రాకు. నీ వేలు ఊరుకోదు.”

ఆ రోజు నుంచి చిరుతిండి వేళ నేను వంటగదిలోనే ఉండిపోయేదాన్ని. గోడకున్న చిన్న కిటికీలోంచి పళ్లేలు అందించి అక్కడే నిలబడేదాన్ని. పిచ్చుక పండు తినేది. బిస్కెట్ తినేది. పెదవి పీల్చుకునేది. ముందున్న కప్పును కాకుండా కిటికీలో నా మొహాన్ని చూసేది. నేను చేతులు వెనక్కి కట్టుకునేదాన్ని. కప్పు బోర్లించినట్టే ఉండేది. చిరుతిండి అయిపోయేది.

ఒకరోజు చేతులు కడుక్కునే చోట చూశాను. కడిగిన అరచేతికి అంటుకున్న నీటి చుక్కల్ని నాకుతోంది. నా వల్ల కాలేదు. సరుకుల గదిలోకి ఎత్తుకుపోయి తలుపు చాటున గ్లాసెడు తాగించాను. ఊపిరి తీసుకోకుండా తాగింది. తలుపు దగ్గర పెద్దాయమ్మ నిలబడి ఉంది.

“రేపు ఆ ఇంట్లో కూడా తలుపు చాటున నువ్వుంటావా?” అంది.

నేను ఖాళీ గ్లాసు వెనక్కి దాచుకున్నాను.

“దొంగచాటుగా పోస్తే అది ఎప్పటికీ తిప్పదే. దాహం వెయ్యనీ. పిల్ల ఎక్కడికీ పోదు, నా కళ్లముందే ఉంటుంది. నన్ను నమ్ము.”

నమ్మాను. ఇంకో గతి లేదు.

కాల్చిన రొట్టెముక్కలు పెట్టిన రోజున జరిగింది. రొట్టెకు గొంతు ఆరిపోయినట్టుంది, పిచ్చుక నమలడం ఆపేసింది. నా వైపు చూసింది. నేను తల తిప్పుకుని గిన్నెలు కడుగుతున్నట్టు నటించాను. మళ్లీ చూసేసరికి అది పక్కనున్న ఎందుకమ్మను చూస్తోంది. ఎందుకమ్మ కప్పు తిప్పి టకటకా కొట్టింది, పెద్దాయమ్మ పోసింది. పిచ్చుక ఒళ్లో చేతులు పైకి లేచాయి. రెండు చేతులతో కప్పును పట్టుకుని, గుడ్డు పగులుతుందేమో అన్నంత మెల్లగా తిప్పి నిలబెట్టింది.

పెద్దాయమ్మ అవతలి చివర నుంచి పరుగున వచ్చి పోసింది. “తాగవే నా తల్లీ, తాగు. ఇక నీకు ఎక్కడైనా నీళ్లు పుడతాయి” అంది. మేడమ్ చప్పట్లు కొట్టింది. పిల్లలందరూ ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. నేను కొళాయి తిప్పి పెట్టుకుని ఏడ్చాను, చప్పుడు బయటికి రాకుండా.

ఆ తర్వాత రోజూ తిప్పింది. నా వైపు చూడకుండానే తిప్పింది.

*

నెలాఖరున కారు వచ్చింది. ఆయనతో పాటు వదిన కూడా వచ్చింది. బట్టలు, చెప్పులు, జ్వరం మందు, చెవి లేని కుందేలు బొమ్మ, అన్నీ సర్ది ఇచ్చాను. చెప్పాల్సినవన్నీ చెప్పాను. ద్రాక్షపండు నిలువుగా కోయమన్నాను. పడుకుని ఉన్నప్పుడు ఏమీ పెట్టొద్దన్నాను. చెవి రుద్దుకుంటే నిద్రొస్తున్నట్టు అని చెప్పాను.

“మేమూ పిల్లల్ని చూశాంలేమ్మా” అంది వదిన. ఎగతాళిగా అనలేదు, నా కంగారు చూసి మెత్తగానే అంది.

“దాహమేస్తే అదే అడుగుతుంది వదినా. ఇప్పుడు నేర్చుకుంది” అని గర్వంగా చెప్పాను.

పిచ్చుక కారు కిటికీలోంచి నాకు టాటా చెప్పింది. నేను బజారుకు వెళ్తుంటే ఎలా చెప్తుందో అలాగే.

*

వదిన ఫోన్ చేసేసరికి వంటగదిలో ద్రాక్షపళ్లు కోస్తున్నాను. ఆ వేళప్పుడు ఎప్పుడూ చెయ్యదు. కత్తి అక్కడే పడేసి సరుకుల గదిలోకి వెళ్లి మాట్లాడాను.

“కంగారు పడకు. పాపకు జ్వరం. ఒంటికి వెళ్తే మంట అని ఏడుస్తోంది. డాక్టరుకు చూపించాం, ఒంట్లో నీళ్లు తగ్గాయన్నాడు. బాగా తాగించమన్నాడు. ఈ పిల్లకు అసలు దాహమే వెయ్యదేంటమ్మా? నీ దగ్గరా ఇంతేనా?”

“అడగట్లేదా వదినా?”

“అడిగితే ఇవ్వమా?”

 బియ్యం డబ్బా మీద కూర్చున్నాను. ఫోను పాపకు ఇవ్వమన్నాను. అందరికీ వినబడేలా పెట్టినట్టున్నారు, ఫ్యాను చప్పుడు కూడా వస్తోంది.

“పిచ్చుకా, నీళ్లు తాగట్లేదేం తల్లీ?”

 “నాయనమ్మ చాలంది” అంది.

“నేనెప్పుడన్నానే చాలని?” అని దూరం నుంచి అత్తయ్య గొంతు. “ఒక్కసారైనా అన్నానా? అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా ఖాళీ గ్లాసుతో ఆటలు! నిలబెడుతుంది, దుమ్ము పడుతుందని నేను బోర్లిస్తాను. మళ్లీ నిలబెడుతుంది. ఆడుకోకే, అన్నం తిను అని మళ్లీ బోర్లిస్తాను. అంతేగాని…”

అత్తయ్య ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నాకు వినబడటం మానేసింది. బల్ల ముందు పిచ్చుక కనబడుతోంది. రెండు చేతులతో గ్లాసు నిలబెడుతోంది. నీళ్లు కావాలి అంటోంది. ఒక ముసలి చెయ్యి వచ్చి బోర్లిస్తోంది. చాలు. ఇది ఇంకోసారి అడుగుతోంది. చాలు. ఎంతకని అడుగుతుంది పిల్ల? మానేసింది.

ఎలా అడుగుతుందో నేను చెప్పలేదు. ప్రపంచంలో అందరి బల్లల దగ్గరా కప్పుకు అదే అర్థం అనుకున్నాను.

“అత్తయ్యా” అన్నాను.  “అది ఆట కాదు. గ్లాసు నిలబెడితే నీళ్లు కావాలని. బోర్లిస్తే చాలని. మా నర్సరీలో అలాగే నేర్పుతాం. అది మిమ్మల్ని నీళ్లు అడుగుతోంది అత్తయ్యా. రోజూ అడుగుతోంది.”

 అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు. “నా చేతులు విరిగిపోనూ” అంది అత్తయ్య మెల్లగా. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

“పిచ్చుకా, నీళ్లు కావాలా? నాయనమ్మను అడుగు. నోటితో అడుగు నాన్నా. ‘నీళ్లు’ అను చాలు.”

మాట రాలేదు. టక్‌మని బల్ల మీద చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు రోజూ వినేదాన్ని నేను. గ్లాసు నిలబడింది.

“పోయండి అత్తయ్యా. పోయండి.”

నీళ్లు పడిన చప్పుడు. ముక్కుతో పొడిచినట్టు కాదు, గటగటా తాగింది. ఊపిరి తీసుకుంది. మళ్లీ టక్‌మంది. మళ్లీ పోసింది అత్తయ్య. “ఇంకా కావాలా బంగారూ? నీకు ఎన్ని కావాలంటే అన్ని” అంటోంది.  వదిన ముక్కు ఎగబీల్చుకోవడం వినబడుతోంది. ఆ గదిలో అందరూ పాప పక్కనే ఉన్నారు.

“అమ్మ ఉంది మాట్లాడు” అని ఎవరో అన్నారు.

నేను ఫోను చెవికి అదిమిపెట్టుకున్నాను. ఏం అడగాలో వెతుక్కుంటున్నాను. కుందేలు బొమ్మ ఉందా అని అడగాలనుకున్నాను. గుర్తొస్తున్నానా అని అడగాలనుకున్నాను. బయట పెద్దాయమ్మ, “పళ్లేలు కానివ్వు, పిల్లలు కూర్చున్నారే” అని కేకేస్తోంది.

అటువైపు ఇంకో చప్పుడైంది. ఇది మెత్తగా ఉంది. అంచు బల్లను మెల్లగా తాకిన చప్పుడు. చూడకపోయినా తెలిసింది.

పిచ్చుక గ్లాసు బోర్లించింది.